మూడింటికి ఆగిపోయే కంప్యూటర్

ఆ వీధిలో ఆమెను అందరూ ఫ్యానక్క అంటారు. ఎవరు ఏ కంప్యూటర్ తెచ్చినా ముందు డబ్బా మూత తీసి, లోపలి ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే దుకాణం ఆమెది. ఒక పక్క కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన, ఇంకో పక్క తాళాలు చేసేవాడు. పద్దెనిమిదేళ్లుగా అదే చోటు, అదే పని. యంత్రానికి వచ్చిన రోగమేమిటో తేలకుండా తిరిగి పంపడమంటే ఆమెకి నామోషీ. అలాంటివి పద్దెనిమిదేళ్లలో మూడో నాలుగో ఉంటాయి. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఒక సోమవారం పొద్దున్న ఆమె దుకాణం ముందు ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు దూరప్రయాణాల బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. స్టూలు మీద కూర్చున్నాక కూడా చేతులు ఒళ్లో గుండ్రంగా, స్టీరింగు పట్టుకున్నట్టే పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, నా కంప్యూటర్ ఉన్నట్టుండి గుటుక్కుమంటోంది."

"ఏం చేస్తుంటే పోతోంది బాబాయ్ గారూ?"

"బస్సు నడుపుతుంటే."

ఆమె చేతిలో పని ఆపి తలెత్తింది. ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. గుండె డాక్టరు ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోవద్దన్నాడట. ఇంట్లో ఊరికే కూర్చుని తనలో తాను గొణుక్కోవడం చూసి, కూతురు తను వాడిన గేమింగ్ కంప్యూటర్ పంపించింది. దానితో పాటు బల్లకి బిగించే స్టీరింగు, కింద పెడల్స్. అందులో బస్సు నడిపే ఆట ఉంది. భోజనం చేసి ఓ కునుకు తీసి, సరిగ్గా మూడింటికి ఆయన డ్యూటీ ఎక్కుతాడు.

"ఇరవై నిమిషాలు బంగారంలా నడుస్తుంది. ఘాట్ ఎక్కుతాను. పదిహేడో మలుపు తిప్పబోతాను, అంతే. టప్. తెర నల్లబడిపోతుంది. నలభై మంది ప్రయాణికుల్ని నట్టనడి కొండ మీద చీకట్లో వదిలేసినట్టుంటుంది. ఆ మలుపులో ఏదో ఉందమ్మాయ్."

"మలుపులో ఏమీ ఉండదు బాబాయ్. ఘాట్ ఎక్కితే మీ బస్సు ఇంజను వేడెక్కేది కాదూ? ఇదీ అంతే. పెద్ద ఆట నడిస్తే లోడు పడుతుంది, లోడు పడితే వేడెక్కుతుంది. హద్దు దాటితే, కాలిపోకుండా తనని తనే ఆపేసుకుంటుంది. అది రోగం కాదు, దాని తెలివి. రేపొచ్చి దుమ్ము దులిపేస్తా."

మర్నాడు పదింటికి వెళ్లింది. మూడో అంతస్తులో, వరండా చివర, పక్కపక్కనే రెండు గుమ్మాలు. ఒకటి డ్రైవరుది, రెండోదానికి తాళం. ఒకప్పుడు రెండూ కలిసి ఒకే ఇల్లట. తర్వాత ఎవరో రెండుగా చేసి, మధ్య ద్వారాన్ని ప్లైవుడ్ చెక్కతో మూసేసి రంగు వేశారు. ఆ మూసిన ద్వారం ఇప్పుడు డ్రైవరింట్లో గోడ గూడులా ఉంది. కంప్యూటర్ బల్ల అందులో కొలిచి చేయించినట్టు సరిపోయింది. డబ్బా వీపు చెక్కకి జానెడు దూరంలో ఉంది.

అదే గదిలో, ఆ గూడు పక్కనే, డ్రైవరు తల్లి మంచం. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. పాత స్వెటరు విప్పి ఊలు ఉండ చుడుతూ కూర్చుంది. ఫ్యానక్క స్క్రూలు విప్పుతుంటే తల తిప్పకుండానే అంది.

"దాని తప్పేం లేదమ్మా. గోడలో ఆయన ఊపిరి వదుల్తాడు. దీనికి ఉక్కపోస్తుంది."

డ్రైవరు గొంతు తగ్గించి, "మా అమ్మవి పాము చెవులు. మనసే ఈమధ్య కాస్త అటూ ఇటూ అవుతోంది. పట్టించుకోకు," అన్నాడు.

"వినబడుతోందిరా," అంది మామ్మ.

ఫ్యానక్క నవ్వుకుంటూ పని చేసుకుపోయింది. చేయాల్సిన పని చాలానే ఉంది. డబ్బా ముందువైపు జాలీకి దుప్పటిలా పట్టిన దుమ్ము, ఫ్యాన్ రెక్కల మీద నల్లటి జిడ్డు. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతోంది. అన్నీ శుభ్రం చేసి, కొత్త పేస్టు పూసి, ఏ ఆటా పెట్టనంత భారం పెట్టి గంటసేపు నడిపింది. వేడి డెబ్బై ఒక్క డిగ్రీలు దాటలేదు. తొంభై అయిదు దాటితేగానీ ఆగదు. చేతులు కడుక్కుని, మామ్మకి చెప్పి వచ్చేసింది.

బుధవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఫోను మోగింది.

"పదిహేడో మలుపు," అన్నాడు డ్రైవరు.

ఈసారి ఆమె డబ్బాని దుకాణానికి తెచ్చేసింది. కరెంటు అందించే భాగం మార్చి చూసింది. తీగలు మార్చింది. రెండు రోజులు పగలంతా భారం మీద నడిపింది. మూత బిగించి నడిపింది, కావాలని మీద గోనెపట్టా కప్పి కూడా నడిపింది. ఆగితేనా! పుట్టింటికొచ్చిన పిల్లలా హాయిగా తిరుగుతోంది.

తాళాలవాడు తొంగిచూసి, "ఏమంటోందక్కా?" అన్నాడు.

"పిల్లకి రోగం లేదు తమ్ముడూ. అత్తారింట్లోనే ఏదో ఉంది," అంది. సరదాకి అన్న మాటే.

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి తీసుకెళ్లి అదే గూట్లో పెట్టి, మళ్లీ గంటసేపు నడిపింది. డెబ్బై. మూడూ ఇరవైకి ఫోను. ఈసారి డ్రైవరు గొంతులో చిరాకు లేదు. పక్కవాళ్లకి వినబడకూడదన్నట్టు మాట్లాడాడు.

"అమ్మాయ్, ఇవాళ నేను ఘాట్ రోడ్డుకి పోలేదు. కావాలనే దారి మార్చి మైదానంలో తిన్నగా పోయాను. ఒక్క మలుపు లేదు. అయినా ఆగిపోయింది. అదే టైముకి."

ఫ్యానక్క లెక్క చూసుకుంది. ఆమె పొద్దున నడిపింది, మధ్యాహ్నం పన్నెండింటికి నడిపింది. మూడింటికి ఒక్కసారీ ఆ గదిలో లేదు.

"గురువారం రెండున్నరకి వచ్చి కూర్చుంటాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి."

గురువారం ఆమె వెళ్లేసరికి డ్రైవరు లోపలి గదిలో కునుకు తీస్తున్నాడు. మామ్మ మంచం మీద ఊలు చుడుతోంది. వీధిలో చప్పుడు లేదు. ఫ్యానక్క కంప్యూటర్ ఆన్ చేసి, ఏ ఆటా తెరవకుండా, ప్రాసెసర్ వేడి ఒక్కటే తెర మీద పెద్ద అంకెల్లో కనబడేలా పెట్టింది. ఒక థర్మామీటరుకి దారం కట్టి, డబ్బా గాలి పీల్చుకునే చోట వేలాడదీసింది. గదిలో ఇరవై ఆరు. ప్రాసెసర్ ముప్పై ఎనిమిది. మంచినీళ్లు తాగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

రెండూ నలభై అయిదుకి తెర మీద అంకె ముప్పై తొమ్మిదయింది.

ఆమె మౌస్ కూడా తాకలేదు. నలభై ఒకటి. నలభై నాలుగు. డబ్బాలో ఫ్యాన్లు, ఎవరో తరుముతున్నట్టు, వేగం అందుకున్నాయి. దారానికి వేలాడే థర్మామీటరు చూసింది. ముప్పై మూడు. చూస్తుండగానే ముప్పై ఎనిమిది. గది మధ్యలో నిలబడితే చల్లగానే ఉంది. గూట్లోకి చెయ్యి పెడితే మాత్రం, పడుకున్న మనిషి దుప్పటి కింద చెయ్యి పెట్టినట్టుంది.

"లేచాడు," అంది మామ్మ, ఊలు చుట్టడం ఆపకుండా.

ఫ్యానక్క చెవులు రిక్కించింది. కంప్యూటర్ ఫ్యాన్ల హోరులో ఇంకేమీ వినబడటం లేదు. వంగి కంప్యూటర్ ఆపేసింది. ఫ్యాన్లు నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయాయి.

చప్పుడు మాత్రం ఆగలేదు.

చెక్క అవతల నుంచి వస్తోంది. హూ... మని పొడుగ్గా సాగి, ఠక్కున ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దం. మళ్లీ హూ... ముసలితనంలో గాఢంగా నిద్రపోయే మనిషి ఊపిరిలా ఉంది. ఆ ఊపిరి మధ్యలో ఒక మగ గొంతు. మాటలు అందడం లేదు. తొందర లేకుండా, ఎవరికో ఏదో చదివి వినిపిస్తున్నట్టు ఉంది.

చెవి ఆనించి విందామని చెక్క దగ్గరికి మొహం తీసుకెళ్లి, చటుక్కున వెనక్కి తీసుకుంది. చెక్క కాలుతోంది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినప్పటి వాసన. నేల మీద బోర్లా పడుకుని, చెక్క అడుగున ఉన్న సందులోంచి చూసింది. అవతల ఎర్రటి వెలుగు. ఊపిరితో పాటే పెరుగుతోంది, తగ్గుతోంది.

లోపలి గదిలోకి పరిగెత్తి డ్రైవరుని లేపింది.

"బాబాయ్, పక్కింట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. మేం వచ్చి అయిదు నెలలు. ఒక్కసారీ ఆ తలుపు తియ్యడం చూళ్లేదు."

"అయితే మాట్లాడేది ఎవరు?"

ఆయన గూటి దగ్గరికి వచ్చి తల వంచి విన్నాడు. మెల్లగా తల్లి వైపు తిరిగాడు. ఆవిడ, ఇప్పటికైనా తెలిసిందా అన్నట్టు చూసింది.

ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. పక్కింటి తాళం మీద దుమ్ము అట్టకట్టి ఉంది. తాళం నుంచి తలుపు చట్రం దాకా సాలెగూడు, ఒక్క పోగు కూడా తెగకుండా ఉంది. ఆ తలుపులోంచి ఎవరూ లోపలికి పోయిందీ లేదు, బయటికి వచ్చిందీ లేదు. డ్రైవరు తలుపు మీద కొట్టాడు.

"ఎవరండీ లోపల?"

లోపలి గొంతు ఆగలేదు, తడబడలేదు. తన పాటికి తను చదువుకుంటూనే ఉంది. పిలిస్తే పలక్కపోవడం కంటే, పిలుపు వినబడనే లేదన్నట్టు మాట్లాడుతూ పోవడం భయంగా ఉంది. ఫ్యానక్క రెండేసి మెట్లు దూకుతూ వాచ్‌మన్ కోసం కిందికి పరిగెత్తింది.

వాచ్‌మన్ తాళంచెవుల గుత్తి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. "అది ప్రూఫుల మాస్టారి ఇల్లమ్మా. ఒక్కడే ఉంటాడు. ప్రెస్సులో చేసి రిటైరయ్యాడు, ఇంట్లోనూ ప్రూఫులు దిద్దుతుంటాడు. చెల్లెలి ఊరెళ్లాడు. కుళాయి కారితే చూడమని నాకో తాళంచెవి ఇచ్చాడు."

"ఎప్పుడెళ్లాడు?"

వాచ్‌మన్ వేళ్లు మడిచాడు. మడుస్తూ మడుస్తూ మాట నెమ్మదించింది. "ఏడు నెలలవుతుంది కాబోలు."

"చెల్లెలి ఊరెళుతున్నానని నీతో చెప్పాడా?"

"చెప్పలేదు. అప్పుడప్పుడు వెళ్తుంటాడు కదా అని... నేనే అనుకున్నా."

తాళం తిరగడానికి మొరాయించింది. తలుపు తోయగానే సాలెగూడు సాగి, తెగి, ఫ్యానక్క చెంప మీద పడింది. లోపల మాడు వాసన గుప్పుమంది. ముందు గది చీకటి. మధ్య గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆ సందులోంచి దీపం వెలుగు నేల మీద గీతలా పడుతోంది.

ముగ్గురిలో ఎవరూ ముందు అడుగు వేయలేదు. చివరికి డ్రైవరు, "అయ్యా, లోపలికొస్తున్నాం," అని గట్టిగా చెప్పి తలుపు తోశాడు.

గదిలో ఎవరూ లేరు.

బల్ల మీద దీపం వెలుగుతోంది. దీపం కింద అచ్చు కాగితాల దొంతర, పై కాగితం మీద మూత తీసిన ఎర్ర పెన్ను, పెన్ను పక్కన కళ్లజోడు. కుర్చీ వీపుకి శాలువా. గోడ అలమరలో రేడియో, అందులో ఎవరో రేపటి వాతావరణం ఎలా ఉంటుందో నింపాదిగా చెబుతున్నాడు. కుర్చీ పక్కన నేల మీద ఫ్యాన్ ఉన్న గది హీటర్. దాని తీగలు ఎర్రగా కాగి, హూ... మని గాలి వదిలి, ఠక్కుమని ఆగి, చల్లారి, మళ్లీ కాగుతున్నాయి. అది కుర్చీ వైపు కాకుండా, ఎవరి కాలో తగిలి తిరిగిపోయినట్టు, మూసిన ద్వారం వైపు తిరిగి ఉంది. ద్వారం చెక్క ఈ వైపున మనిషి నడుమెత్తు దాకా నల్లగా మాడిపోయింది. మధ్యలో రూపాయి బిళ్లంత మేర నివురు కింద నిప్పులా ఎర్రగా కనబడుతోంది.

నేల మీద ఏడు నెలల దుమ్ము. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

ఫ్యానక్క గోడ దగ్గరికి వెళ్లింది. దీపం, రేడియో, హీటర్ మూడూ ఒకే ప్లగ్గుల పలకకి తగిలించి ఉన్నాయి. ఆ పలక ఒక టైమర్‌కి తగిలించి ఉంది. ముఖం మీద చిన్న గడియారం ఉండే రకం. రెండూ నలభై అయిదుకి వెయ్యాలి, నాలుగున్నరకి ఆపాలి అని పెట్టి ఉంది. చలి పడని మనిషి తను పనికి కూర్చునే వేళకి గది వెచ్చబడాలని పెట్టుకున్న ఏర్పాటు. కరెంటు బిల్లు బ్యాంకులోంచి దానంతటదే పోతోంది. మనిషి లేడు. ఆయనగారి మధ్యాహ్నం మాత్రం రోజూ వేళ తప్పకుండా వచ్చి, దీపం వెలిగించి, రేడియో పెట్టి, గది వెచ్చచేసి, ఖాళీ కుర్చీ ముందు కూర్చుని, నాలుగున్నరకి లేచి వెళ్లిపోతోంది.

ఆమె టైమర్‌ని గోడలోంచి పీకేసింది. దీపం ఆరింది. రేడియోలో మనిషి మాట మధ్యలో తెగింది. హీటర్ ఒక చివరి ఊపిరి వదిలి ఆగిపోయింది. వాచ్‌మన్ బకెట్టుతో నీళ్లు తెచ్చి చెక్క మీద కొట్టాడు. బుస్సుమంటూ ఆవిరి లేచింది. ఎలక్ట్రీషియన్‌కి చూపించడానికి పనికొస్తుందని ఫ్యానక్క ఫోనుతో మాడిన చెక్కని ఫొటో తీసింది.

డ్రైవరు చెక్కనే చూస్తూ ఉండిపోయాడు. దానికవతల బెత్తెడు దూరంలో ఆయన తల్లి తల పెట్టుకుని పడుకుంటుంది.

"ఇన్నాళ్లూ అమ్మ చెబుతూనే ఉంది," అన్నాడు. "చాదస్తమని నవ్వాను."

కాసేపటికి ఫ్యానక్క బల్ల మీది కళ్లజోడు చేతిలోకి తీసుకుంది. అద్దాలు మందంగా ఉన్నాయి. "బాబాయ్, ఇది లేకుండా ఈయన బస్సు మీద బోర్డు కూడా చదవలేడు. చెల్లెలి ఊరికి ఎలా వెళ్తాడు?"

గోడ మీద పెన్సిలుతో రాసిన ఫోను నంబర్లలో చెల్లెలిది దొరికింది. డ్రైవరు ఫోను చేశాడు. అవతల పెద్దావిడ గొంతు, అన్నయ్య పేరెత్తగానే బిగుసుకుంది.

"నా ఇంటికి రాలేదు. పోయినసారి వచ్చినప్పుడు మాటా మాటా అనుకున్నాం. అలిగాడనుకున్నాను. తనే ముందు చెయ్యాలని నేనూ ఫోను చెయ్యలేదు." ఏడు నెలలుగా ఇంటికి తాళం వేసి ఉందని డ్రైవరు చెప్పాడు. "ఏడు నెలలా?" అంది ఆవిడ.

డ్రైవరుకి ఊళ్లో తెలియని దారి లేదు, ఆగని స్టాపు లేదు. శుక్రవారం, శనివారం రెండు రోజులూ తిరిగాడు. పాలవాడూ, ప్రెస్సువాళ్లూ చెప్పినదాన్ని బట్టి మాస్టారు చివరిసారి కనబడిన రోజు తేలింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన దగ్గర్లోని కొట్టుకి వెళ్లాడు. ఎర్ర సిరా అయిపోయిందట. రెండు నిమిషాల పని కదా అని దీపం, హీటర్ ఆపకుండానే, కళ్లజోడు పెట్టుకోకుండానే దిగి ఉంటాడు. కొట్టుకి చేరనే లేదు. పెద్దాసుపత్రిలో పాత రిజిస్టర్లు తిరగేస్తే, ఆ తేదీన, రోడ్డు మీద పడిపోయిన ఒక వృద్ధుణ్ణి ఎవరో ఆటోలో తెచ్చి చేర్చినట్టు ఉంది. పక్షవాతం. జేబులో ఒక తాళంచెవి తప్ప ఇంకేమీ లేదు. పేరు దగ్గర గీత గీసి ఉంది.

సోమవారం మధ్యాహ్నం డ్రైవరూ, ఫ్యానక్కా ఆ వార్డుకి వెళ్లారు. నర్సు వాళ్లని పంతొమ్మిదో నంబరు మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

సన్నటి మనిషి. కుడి చెయ్యి కదలదు. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. వెంట తెచ్చిన కళ్లజోడుని ఫ్యానక్క ఆయన ముక్కు మీద పెట్టింది. ఆయన ఆమెని చూశాడు, డ్రైవరుని చూశాడు. కంటి చివర నుంచి నీళ్లు జారాయి. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"ఈయన్ని మేం ఆపండి తాతగారు అంటాం," అంది నర్సు. "ఏడు నెలల్లో ఈయన నోట వచ్చిన మాట అదొక్కటే. ఆపండి. పొద్దున్నంతా మామూలుగా ఉంటాడు. మధ్యాహ్నం మూడు కాబోతుండగా మొదలవుతుంది. ఒళ్లంతా చెమటలు. ఎడమ చెయ్యి గాల్లో ఆడిస్తూ ఆపండి, ఆపండి, ఆపండి. నాలుగున్నర దాకా అదే గోల. ఫ్యాన్ ఆపమంటున్నాడేమోనని ఫ్యాన్ ఆపేవాళ్లం. దీపాలు ఆపేవాళ్లం. పక్క మంచాయన దగ్గితే ఆయన మీద కూడా అరిచాం. ఏం ఆపినా ఊరుకునేవాడు కాదు పాపం."

డ్రైవరు మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఫ్యానక్క నర్సు వైపు తిరిగింది.

"ఇప్పుడూ అంటున్నారా?"

"అదే చిత్రం. నాలుగు రోజులైంది, ఒక్కసారీ అనలేదు. మొన్న గురువారం మామూలుగానే మొదలెట్టాడు. నేనే డ్యూటీలో ఉన్నా. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయాడు. ప్రాణం పోయిందేమోనని హడలిపోయి పరిగెత్తుకొచ్చా. చూస్తే, హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడు. మంచినీళ్లు కావాలని సైగ చేశాడు. అంతకుముందెప్పుడూ తనంతట తను అడగలేదు."

"ఎన్ని గంటలకో గుర్తుందా అమ్మా?" అంది ఫ్యానక్క.

"గుర్తెందుకు, రాసి ఉంటుంది." నర్సు బల్ల మీది పుస్తకం తెరిచి వేలుతో వెతికింది. "ఇదిగో. మూడూ పధ్నాలుగు."

ఫ్యానక్క ఫోను తీసింది. మాడిన చెక్క ఫొటో తెరిచి, దాని కింద ఉన్న సమయం చూసింది. ఫోనుని డ్రైవరు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, రెండుసార్లు చూశాడు. మూడూ పదిహేను. టైమర్ పీకి, నీళ్లు కొట్టాక తీసిన ఫొటో అది.

డ్రైవరు మంచం మీదికి వంగాడు. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా కాకుండా, పక్క సీటులో మనిషితో చెప్పినట్టు చెప్పాడు.

"మాస్టారూ, నేను మీ పక్కింట్లో ఉంటాను. మీ ఇంట్లో హీటర్ ఆపేశాం. ఇల్లు భద్రంగానే ఉంది."

మాస్టారు ఆయన వైపు చూశాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. పెదవులు చాలాసేపు తంటాలుపడ్డాయి. నర్సు దగ్గరికొచ్చి నిలబడింది. చివరికి ఏడు నెలల తర్వాత రెండో మాట వచ్చింది.

"తెలుసు."

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. నాలుగు స్టాపులు దాటాయి.

"హీటర్ ఆపలేదన్న బెంగ మనసులో ఉండిపోయింది. రోజూ ఆ వేళకి గుర్తొచ్చేది. అంతవరకూ అర్థమవుతుంది," అంది ఫ్యానక్క. "కానీ మనం ఆపిన సంగతి ఆయనకెవరు చెప్పారు బాబాయ్?"

డ్రైవరు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. "అమ్మాయ్, ముప్పై ఒక్క ఏళ్లు బండి నడిపాను. కొన్ని చోట్ల మా సీనియర్లు హారన్ కొట్టి పొమ్మనేవాళ్లు. ఎదురుగా ఏమీ ఉండదు. ఎందుకని అడిగితే, కొట్టి పో అనేవాళ్లు, అంతే. నేనూ కొట్టి పోయేవాణ్ణి."

ఫ్యానక్కకి ఆ జవాబు చాల్లేదు. ఆ రోజు దుకాణం తియ్యలేదు. ఇంటికి పోయి, గోడకున్న ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే ముట్టి చూసుకుంది.

బుధవారం చెల్లెలు దిగింది. మంచం పక్కన కూర్చుని ముందు అన్నగారిని కడుపారా తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఇంటి నుంచి తెచ్చిన గిన్నె మూత తీసి చెంచాతో తినిపించింది. నెలన్నర తర్వాత మాస్టారు చేతికర్ర సాయంతో నాలుగడుగులు వేయగలిగాడు. మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, అచ్చుతప్పులతో. చెల్లెలు ఆయన్ని తన ఊరికే తీసుకెళ్లింది. వెళ్లేముందు వాచ్‌మన్ ఆయన చెయ్యి పట్టుకుని, "తప్పు నాదే మాస్టారూ, పైకొచ్చి ఒక్కసారి తొంగిచూసినా బాగుండేది," అని బావురుమన్నాడు. ఆయన ఎడమ చేత్తో వాచ్‌మన్ వీపు నిమిరాడు.

మూసిన ద్వారంలో మాడిన చెక్క తీసేసి మేస్త్రీ చేత ఇటుక గోడ కట్టించారు. ఎలక్ట్రీషియన్ ఆ చెక్క చూసి, ఇంకో వారం ఆగి ఉంటే ఆ అంతస్తు మిగిలేది కాదన్నాడు. మామ్మ మంచాన్ని గదిలో అటువైపుకి మార్చబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "ఇక్కడే బాగుంది. ఇప్పుడు నిద్ర పడుతోంది," అంది.

కంప్యూటర్ మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. రెండు నెలల తర్వాత ఒకసారి ఫ్యాన్లు దులపడానికి వెళ్లినప్పుడు, ఘాట్ ఎక్కడం ఎలా ఉందని ఫ్యానక్క అడిగింది. పైదాకా ఎక్కేశాననీ, అవతలి వైపు దిగడం ఇంకా బాగుంటుందనీ డ్రైవరు సంబరంగా చెప్పాడు. డ్యూటీ మాత్రం మూడింటికి కాకుండా అయిదింటికి ఎక్కుతున్నాడట.

"ఏం బాబాయ్, టైము మార్చారు?"

"మూడింటికి ఎండ తెర మీద పడుతోందమ్మాయ్. రోడ్డు కనబడటం లేదు," అన్నాడాయన, స్టీరింగు తుడుస్తూ.

ఫ్యానక్క గది చుట్టూ చూసింది. ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ తూర్పు వైపు. స్క్రూలు బిగించి, సామాను సంచిలో వేసుకుని, మామ్మకి చెప్పి, మూడు కాకముందే మెట్లు దిగింది.